షుగర్ పుండుకి ఓజోన్ నూనె రాయొచ్చా?

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారికి షుగర్. చేలో దిగినప్పుడు అరికాల్లో ముల్లు గుచ్చుకుని పుండైంది. అంచులు తెల్లగా గట్టిపడ్డాయి, మధ్యలో తడి ఆరడం లేదు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్దామంటే, బాబాయిగారు ఓజోన్ నూనె తెచ్చారు. ఆలివ్ నూనెలోకి ఓజోన్ గ్యాస్ పంపి చిక్కబరుస్తారట, క్రిములు చస్తాయట. నూనె సరే, కాలికి సంచి కట్టి గ్యాస్ కూడా పట్టిస్తారట. నాకు అదే టెన్షన్. ఓజోన్ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, నాన్నగారికి అసలే ఆయాసం. అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) నిబంధనల్లో దాన్ని విషవాయువనే రాశారు. ఇన్సులిన్, డ్రెస్సింగ్ మాత్రం నేను ఆపనివ్వను.

ఇలాంటి పుండుకి ఈ నూనె ఎవరైనా రాశారా? మంట, దద్దుర్లు వచ్చాయా? కోనసీమ వైపు షుగర్ పాదాలు బాగా చూసే డాక్టరుగారు ఉంటే దయచేసి చెప్పండి.