ఉక్కు గర్డర్‌కి ఎఫ్‌బీజీ అంటిస్తే ఐదేళ్లు సున్నా కదలకుండా ఉంటుందా?

గర్డర్‌లెక్క
రైలు వంతెన. 24.4 మీటర్ల ప్లేట్ గర్డర్, పైన 25 కేవీ లైన్. స్పాన్ మధ్యలో కింది ఫ్లాంజ్ (గర్డర్ అడుగు పలక) స్ట్రెయిన్ (లోహం ఎంత సాగిందన్నది) ఐదేళ్లు చూడాలి. రైలు దాటేటప్పుడు వచ్చేదీ కావాలి, ఏళ్ల మీద మెల్లగా పేరుకునేదీ కావాలి. ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ (ఎఫ్‌బీజీ, గాజు పోగులో రాసిన స్ట్రెయిన్ సెన్సర్) అమ్మేవాళ్లు "గాజుకి డ్రిఫ్ట్ (తనంతట అంకె జారడం) ఉండదు, ఒకసారి అంటిస్తే సున్నా కదలదు" అంటారు. ఫాయిల్ గేజ్‌లతో (సన్న లోహపు రేకు నిరోధంతో స్ట్రెయిన్ కొలిచేవి) పనిచేసేవాళ్లు ఆ మాట నమ్మొద్దంటారు. రెండిట్లో ఏది నిలుస్తుంది?

కాంతిపోగు
మొదటిదే. గ్రేటింగ్ అంటే పోగు కోర్‌లో అల్ట్రావయొలెట్ కాంతితో రాసిన సన్నటి గీతల వరుస. గీతల మధ్య ఎడాన్ని బట్టి ఒక్క తరంగదైర్ఘ్యమే వెనక్కి తిరిగొస్తుంది. 1550 నానోమీటర్ల దగ్గర మైక్రోస్ట్రెయిన్‌కి (పొడవులో పది లక్షల వంతు సాగుడు) 1.2 పీకోమీటర్లు జరుగుతుంది. మనం చదివేది ఆ తరంగదైర్ఘ్యాన్ని, వెలుగు ఎంతొచ్చిందన్నది కాదు. అందుకే కనెక్టర్‌లో కాస్త నష్టం వచ్చినా అంకె మారదు. ఇవాళ కేబుల్ ఊడదీసి ఏడాది తర్వాత పెట్టినా మొదటిరోజు రాసుకున్న అంకెతో నేరుగా పోల్చొచ్చు.

ఫాయిల్ గేజ్‌తో ఇది కష్టం. 350 ఓమ్‌ల గేజ్, గేజ్ ఫ్యాక్టర్ (స్ట్రెయిన్‌కి ఎన్ని రెట్లు నిరోధం మారుతుందో) 2 అనుకుంటే మైక్రోస్ట్రెయిన్‌కి మారేది 0.7 మిల్లీఓమ్. టెర్మినల్ తుప్పు పట్టినా, గేజ్ కిందికి చెమ్మ దిగినా అంతకంటే ఎక్కువే మారుతుంది. పైగా 25 కేవీ లైన్ కింద రాగి తీగలు లాగాలి.

లోడ్‌టెస్ట్
కాంతిపోగు గారూ, గాజు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ గాజు ఉక్కుని తాకడం లేదు కదండీ, మధ్యలో జిగురుంది. సైట్‌లో చల్లగా కలిపి పూసే ఎపాక్సీలు చాలావరకు 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. కోస్తాలో మే నెల మధ్యాహ్నం ఎండ తగిలే ఉక్కు చేరేది కూడా అక్కడికే. మెత్తబడ్డ జిగురు లాగి ఉన్న పోగుని రోజుకి కొంచెం చొప్పున వదిలేస్తుంది. గ్రేటింగ్ అబద్ధం చెప్పదు, తానెంత సాగిందో చెబుతుంది. గర్డర్ ఎంత సాగిందో దానికి తెలియదు. పోగు మీది ఎక్రిలేట్ పూత తీయకుండా అంటిస్తే ఆ మెత్తటి పొర దగ్గర ఇంకొంత స్ట్రెయిన్ పోతుంది.

25 కేవీ గురించి భయపడక్కర్లేదు. రైలు స్ట్రెయిన్‌లో మనకి పనికొచ్చేది చాలావరకు 20 హెర్ట్జ్ లోపే ఉంటుంది. మెలివేసిన షీల్డ్ తీగలు వాడి, సిగ్నల్ డిజిటల్ అయ్యేలోపే లో-పాస్ ఫిల్టర్ పెడితే లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద పోతుంది. డిజిటల్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో తీద్దామనుకుంటే, అప్పటికే తక్కువ ఫ్రీక్వెన్సీగా మడతపడి (ఏలియాసింగ్) లోపలికొచ్చిన రొద పోదు.

వేడిలెక్క
జిగురు కంటే ముందు వేడి సంగతి తేల్చాలి. ఎక్కువ ప్రాజెక్టులు తప్పు అంకెలిచ్చేది ఇక్కడే.

ఏదానికీ అంటించని గ్రేటింగ్ డిగ్రీకి 10 పీకోమీటర్లు జరుగుతుంది. ఉక్కుకి అంటిస్తే ఉక్కు వ్యాకోచం దాన్ని లాగుతుంది కాబట్టి డిగ్రీకి దాదాపు 24. ఉదయానికీ మధ్యాహ్నానికీ గర్డర్‌లో 25 డిగ్రీల తేడా ఉంటే 600 పీకోమీటర్లు, అంటే 500 మైక్రోస్ట్రెయిన్ లాగా కనిపిస్తుంది. రైలు వల్ల 60 మెగాపాస్కల్ ఒత్తిడి వస్తే అది 300 మైక్రోస్ట్రెయినే. ఎండ రైలుని మించిపోయింది.

దీనికి పక్కన సన్న స్టీల్ గొట్టంలో వదులుగా ఇంకో గ్రేటింగ్ పెట్టి, దాని జరుగుడుని తీసేస్తారు. తీసేశాక కూడా డిగ్రీకి 14 పీకోమీటర్లు, అంటే పదకొండున్నర మైక్రోస్ట్రెయిన్ మిగులుతుంది. అది ఉక్కు స్వేచ్ఛగా వ్యాకోచించిన భాగం. బేరింగ్ దగ్గర గర్డర్ సులువుగా జరుగుతుంటే దానివల్ల ఒత్తిడేమీ రాదు. దాన్ని ఉక్కు యంగ్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్‌తో గుణించి "ఒత్తిడి పెరిగింది" అని రిపోర్ట్ రాసేవాళ్లున్నారు. అలా రాయకూడదు.

గొట్టంలో పోగు ఒక చివర వదులుగానే ఉండాలి. సీల్ చేసేటప్పుడు జిగురు లోపలికి కారి అంటుకుంటే వేడి గ్రేటింగ్ కూడా స్ట్రెయిన్ చదవడం మొదలుపెడుతుంది. పరీక్ష సులువు: తెల్లవారుజామున లోకోని స్పాన్ మధ్యలో నిలిపి చూడండి, వేడి గ్రేటింగ్ కదలకూడదు. 5 పీకోమీటర్లు కదిలినా అరడిగ్రీ దొంగ వేడి వచ్చినట్టే.

ఇంకో మాట. రైలు నిమిషంలోపు దాటిపోతుంది, అంతలో గర్డర్ వేడి మారదు. రైలు రావడానికి ముందు అంకెని సున్నా అనుకుంటే చాలు, ఆ కొలతకి వేడి సవరణే అక్కర్లేదు. ఐదేళ్ల సున్నా గొడవంతా మెల్లగా పేరుకునే స్ట్రెయిన్‌కే.

గర్డర్‌లెక్క
అలాగైతే మెల్లటిదానికి వైబ్రేటింగ్ వైర్, రైలుకి ఎఫ్‌బీజీ పెడితే?

లోడ్‌టెస్ట్
నేను చెప్పబోయింది అదే. మామూలు వైబ్రేటింగ్ వైర్ గేజ్ తీగని మీటి, ఫ్రీక్వెన్సీ చదవడానికి సెకను పైనే తీసుకుంటుంది. రైలుని పట్టుకోలేదు. నెలకీ ఏడాదికీ మాత్రం దానికి పేరుంది, లోపలే థర్మిస్టర్ (వేడి కొలిచేది) ఉంటుంది, తీగ కూడా ఉక్కే కాబట్టి ఉక్కు గర్డర్ మీద వేడి సవరణ చిన్నది. పిడుగులకి సర్జ్ అరెస్టర్ మాత్రం మర్చిపోవద్దు.

కాంతిపోగు
రెండు వ్యవస్థలు, రెండు లాగర్లు ఎందుకండీ? జిగురుకి దారి ఉంది. సన్న స్టెయిన్‌లెస్ రేకు మీద ఫ్యాక్టరీలోనే అధిక ఉష్ణోగ్రతలో గట్టిపరిచిన ఎపాక్సీతో అంటించిన గ్రేటింగ్‌లు దొరుకుతాయి. ఆ రేకుని గర్డర్‌కి స్పాట్ వెల్డ్ చేస్తే చాలు. పెయింట్ లోహం కనిపించేదాకా తీసి, 220 తర్వాత 400 కాగితంతో రుద్ది, అసిటోన్‌తో గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. వెల్డ్ మధ్య నుంచి చివరలకి వేసుకుంటూ పోవాలి, లేదంటే రేకు మధ్యలో ఉబ్బుతుంది. పైన బ్యుటైల్ మాస్టిక్, దానిమీద అల్యూమినియం టేప్, తర్వాత పెయింట్.

వరుసలో సెన్సర్లున్నప్పుడు ఒక్కచోట పోగు తెగితే ఆవలివన్నీ చీకటే. అందుకే రెండు చివరల్నీ లూప్ చేసి వేర్వేరు చానెళ్లకి తేవాలి. ఆకుపచ్చ కనెక్టర్ 8 డిగ్రీల కోతది, నీలం అడాప్టర్‌లో దూర్చొద్దు.

లోడ్‌టెస్ట్
స్పాట్ వెల్డా? రైలు వంతెన టెన్షన్ (లాగుడు పడే) ఫ్లాంజ్ మీదా? ఎంత చిన్న వెల్డ్ అయినా ఫటీగ్ (పదేపదే బరువు పడి లోహం అలసే) పగులుకి మొదలు కావచ్చు. వంతెన ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అది చేయకూడదు, చాలామంది ఒప్పుకోరు కూడా. ఒప్పుకోకపోతే మళ్లీ జిగురు దగ్గరికే వస్తాం.

వేడిలెక్క
ఒప్పుకోకపోతే కనీసం ఎక్కువ వేడికి నిలిచే ఎపాక్సీ వాడి, హీటింగ్ ప్యాడ్‌తో గట్టిపరచాలి. మూడు నాలుగు రోజులు దాటే పనికి సయనోఎక్రిలేట్ అసలొద్దు.

జిగురు గట్టిపడేటప్పుడు స్క్రీన్ మీద స్పెక్ట్రమ్ (తిరిగొచ్చే వెలుగు తరంగదైర్ఘ్యాల గ్రాఫ్) వదలకుండా చూడండి. మంచి గ్రేటింగ్ శిఖరం సన్నగా, ఒకే మొనతో ఉంటుంది. జిగురు ఒకవైపే నొక్కితే శిఖరం వెడల్పై, భుజం మొలిచి, చివరికి రెండు మొనలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ రోజు ఎడమ మొన, రేపు కుడి మొన పట్టుకుంటే పదుల పీకోమీటర్ల గెంతు వస్తుంది. అలాంటి గ్రేటింగ్‌ని ఆరోజే పీకి కొత్తది వేయాలి. తర్వాత సరిచేసే దారి లేదు.

గర్డర్‌లెక్క
ఇదే పోగుతో పియర్ (వంతెన స్తంభం) దగ్గర నీటి ఒత్తిడి కూడా చూడొచ్చా?

వేడిలెక్క
నేరుగా కుదరదు. వట్టి గ్రేటింగ్ మెగాపాస్కల్‌కి దాదాపు 3 పీకోమీటర్లే జరుగుతుంది. పది మీటర్ల నీరంటే 0.1 మెగాపాస్కల్, అంటే 0.3 పీకోమీటర్. నీరు అరడిగ్రీ వేడెక్కితే 5. డయాఫ్రమ్‌కి (ఒత్తిడికి వంగే పలుచటి పొర) కట్టిన గ్రేటింగో, ఫాబ్రీ-పెరో సెన్సరో (రెండు అద్దాల మధ్య ఎడం చదివేది) వేరేగా కొనాలి.

కాంతిపోగు
సున్నాకి ఒక పద్ధతి చెబుతాను. గర్డర్ ఉక్కే, ఫ్లాంజ్ అంత మందమే ఉన్న ముక్క తీసుకుని, అదే రోజు అదే జిగురుతో ఒక గ్రేటింగ్ అంటించి, ఒక్క చివరే బిగించి ఫ్లాంజ్ పక్కన వేలాడదీయండి. దాన్ని తీసేస్తే వేడీ పోతుంది, ఉక్కు వ్యాకోచమూ పోతుంది, జిగురు డ్రిఫ్ట్ కూడా పోతుంది.

లోడ్‌టెస్ట్
ఆ ముక్క మీద గర్డర్ బరువు లేదు కదా, జిగురు ఒకేలా ఎలా పాకుతుంది (మెల్లగా జారుతుంది)?

కాంతిపోగు
గర్డర్ మీదున్న సెన్సర్‌కి కూడా ఆ బరువు తెలియదు. వంతెన నిలబడి ఏళ్లయ్యాక అంటించాం, అంటించిన క్షణమే దానికి సున్నా. ఆ తర్వాత జిగురుని లాగేది ముఖ్యంగా రోజువారీ ఎండ. అది ముక్కకీ అంతే తగులుతుంది.

లోడ్‌టెస్ట్
సరే, ఈ వాదన నిలుస్తుంది. కానీ ఒకటి మర్చిపోయారు. కుదింపు కూడా చదవాలని పోగుని ముందే లాగి అంటిస్తాం కదా, రోజంతా జిగురు మోసేది ఆ లాగుడునే. గర్డర్ మీద 800 మైక్రోస్ట్రెయిన్ లాగి అంటించి, ముక్క మీద వదులుగా అంటిస్తే రెండూ రెండు దారుల్లో పాకుతాయి. జిగురు పూయకముందు రెండు పోగులూ ఇంటరాగేటర్‌కి (తరంగదైర్ఘ్యం చదివే పెట్టె) తగిలించి, రెండూ ఒకే 960 పీకోమీటర్లు జరిగేదాకా లాగి అప్పుడు అంటించండి.