వర్చువల్ ప్రపంచాలు చదువు చెప్పే పద్ధతిని నిజంగా మార్చేస్తాయా?

పాఠంచెప్పేవాడు:
మార్చేస్తాయని ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ఇప్పుడున్న తీరులో అయితే మార్చవనే నా అభిప్రాయం. 2003లో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ తెచ్చిన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచం వచ్చాక ఎన్నో విశ్వవిద్యాలయాలు అందులో దీవులు (కంప్యూటర్ తెర మీది స్థలాలు) కొనుక్కున్నాయి. కొని ఏం కట్టాయి? చాలా చోట్ల లెక్చర్ హాళ్లు: వరసగా కుర్చీలు, ఎదురుగా తెర, దాని మీద స్లైడ్లు. గాల్లో ఎగరగల అవతార్‌ను (అక్కడ మన తరఫున తిరిగే బొమ్మను) తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టారు. 2010లో లిండెన్ ల్యాబ్ విద్యాసంస్థలకు ఇచ్చే సగం ధర రాయితీని ఎత్తేస్తున్నామని ప్రకటించింది. 2013లో మళ్లీ ఇచ్చింది కానీ, ఈలోగా కొందరు ఓపెన్‌సిమ్యులేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారారు, కొందరు మొత్తానికే మానేశారు. ఒక కంపెనీ ధర మార్చగానే కదిలిపోయేదాన్ని విప్లవం అని ఎలా అంటాం?

సైన్సుపిచ్చి:
లెక్చర్ హాళ్లు కట్టినవాళ్ల తప్పును వర్చువల్ ప్రపంచం మీద వేయకండి. హార్వర్డ్‌లో విద్యా పరిశోధకుడు క్రిస్ డీడ్ బృందం పిల్లల కోసం చేసిన రివర్ సిటీ అనే వర్చువల్ ఊరిని చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు ఊరు, జనం జబ్బు పడుతుంటారు. పిల్లలు జట్లుగా వెళ్లి ఊరివాళ్లను అడుగుతారు, నీటి నమూనాలు తీస్తారు, కారణం ఊహిస్తారు. ఆ తర్వాత అదే ఊళ్లో ఒక్క అంశం మాత్రం మార్చి, జబ్బులు తగ్గాయో లేదో చూసుకుంటారు. నీళ్ల వల్ల వచ్చేవి, గాలి వల్ల వచ్చేవి, కీటకాల వల్ల వచ్చేవి కలగలిసి ఉంటాయి కాబట్టి తేలిగ్గా తేలదు. ఇది ఏ ల్యాబ్‌లో చేయిస్తారు, చెప్పండి?

నెమ్మదిగా:
ఇద్దరూ ఒక మాట మరిచిపోతున్నారు. ఇలాంటి విప్లవాలకు అందరూ వాడే "డిస్రప్టివ్" (పాత పద్ధతిని తలకిందులు చేసేది) అనే మాటను 1995లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యులు జోసెఫ్ బోవర్, క్లేటన్ క్రిస్టెన్సెన్ వాడుకలోకి తెచ్చారు. వాళ్లు చెప్పింది మొదట్లో నాసిగా, చవకగా ఉండి, అసలేమీ అందనివాళ్లకు ముందు అందే సాంకేతికత గురించి. వర్చువల్ ప్రపంచాన్ని చూడటానికి కళ్లకు తగిలించుకునే ఖరీదైన హెడ్‌సెట్ దానికి పూర్తిగా వ్యతిరేకం! ఆ లెక్కన మామూలు వీడియో పాఠమే ఎక్కువ డిస్రప్టివ్.

పైగా 2019లో పరిశోధకుడు మక్రాన్స్కీ బృందం ఒకే ల్యాబ్ సిమ్యులేషన్‌ను (కంప్యూటర్‌లో చేసే ల్యాబ్ ప్రయోగాన్ని) హెడ్‌సెట్‌లోనూ మామూలు తెర మీదా పోల్చి చూసింది. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకు అక్కడే ఉన్నామన్న భావన ఎక్కువ కలిగింది, నేర్చుకున్నది మాత్రం తక్కువ. లీనమైపోవడం, నేర్చుకోవడం ఒకటి కాదు.

సైన్సుపిచ్చి:
ఒప్పుకుంటాను. కానీ రివర్ సిటీ నడిచింది మామూలు కంప్యూటర్ల మీదే, హెడ్‌సెట్లు లేవు. అంటే మీరు చెప్పింది హెడ్‌సెట్‌కు తగులుతుంది, వర్చువల్ ప్రపంచానికి కాదు.

పాఠంచెప్పేవాడు:
ఆ తేడా నేను చూడలేదు, నిజమే. రివర్ సిటీని పనిచేయించింది పిల్లలు తేల్చాల్సిన ప్రశ్న. అలాంటి ప్రశ్న తయారుచేయడానికి టీచర్‌కు టైమ్ ఎవరిస్తారు? నేను ఒకసారి ప్రయత్నిస్తే సగం పీరియడ్ లాగిన్లకే పోయింది, మిగతా సగం దారి తప్పినవాళ్లను వెతకడానికి. పరీక్షేమో పాత పుస్తకం నుంచే. ఆ టెన్షన్‌లో మళ్లీ స్లైడ్లకే వచ్చేశాను.

నెమ్మదిగా:
అయితే అడ్డం వచ్చింది పరీక్ష. పిల్లలు ఊహించిన కారణానికి, దాన్ని పరీక్షించిన తీరుకు మార్కులు వేస్తామంటే మళ్లీ ప్రయత్నిస్తారా?

పాఠంచెప్పేవాడు:
వేస్తామంటే వచ్చే టర్మ్‌లోనే మొదలుపెడతాను. లాగిన్లు మాత్రం ముందురోజే చేయిస్తాను.