నాయన రిసెప్టార్ జీన్ టెస్టుకు 22 వేలు పెట్టాలా, వద్దా?

ఆదోని_కుర్రోడు:
నాయనకు 71. రెండేళ్ల కిందట ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలింది. అప్పుడు పీఎస్‌ఏ, అంటే జబ్బు ఎంతుందో చూసే రక్తపరీక్ష, 84. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్, రోజూ హార్మోన్‌కు అడ్డుపడే బికాలుటమైడ్ మాత్ర ఒకటి. ఆరు నెలల్లో 0.6కి దిగింది. ఉరుకుంద ఈరన్నకు మొక్కు కూడా తీర్చొచ్చాం. మొన్న చూపిస్తే 2.1, ఇప్పుడు 4.8. కర్నూలులో ఒక ల్యాబ్ ఏజెంటు మా అన్న నంబరు పట్టుకుని వదలడం లేదు. హార్మోన్ రిసెప్టార్ జీన్‌లో రిపీట్లు తక్కువుంటే జబ్బు స్పీడుగా పోతుందంట, కొడుకులూ చేయించుకోవాలంట. మనిషికి 22 వేలు. అన్న చేయిద్దామంటాడు. నాకు మనసొప్పడం లేదు.

గుత్తి_కోట:
చేయించు తమ్ముడూ. ఏజెంటు గాల్లోంచి తెచ్చిన మాట కాదిది. టెస్టోస్టిరాన్ వచ్చి అతుక్కునే ఆండ్రోజన్ రిసెప్టార్ జీన్‌లో సీఏజీ అనే మూడక్షరాలు వరసగా రిపీట్ అవుతాయి. చాలామందికి 20, 22 దగ్గర ఉంటాయి. తక్కువుంటే రిసెప్టార్ ఎక్కువ చురుగ్గా పనిచేస్తుంది. 1997లో అమెరికాలో డాక్టర్ల మీదే చేసిన స్టడీలో 18 లేదా అంతకు తక్కువ ఉన్నవాళ్లకు, 26 లేదా అంతకు ఎక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే ఈ క్యాన్సర్ ఒకటిన్నర రెట్లు కనిపించింది. ముదిరిన రకమైతే రెండు రెట్లు.

పెన్నా_ఒడ్డు:
నేను అనంతపురంలో ల్యాబ్‌లోనే పని చేస్తా, నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నా అనుకోండి. 1997తో కథ ఆగలేదన్నా. 2005లో రెండు వేలకు పైగా రోగులను, వేర్వేరు జాతుల వాళ్లను తీసుకుని చూస్తే ఆ లంకె కనపడలేదు. ఆ రిపోర్టులో 19 అని వస్తే ఏ డాక్టరైనా మందు మారుస్తాడా? మార్చడు. 24 వస్తే? అప్పుడూ మార్చడు. మరి ఆ కాగితం ఎందుకు?

గుత్తి_కోట:
అది జబ్బు వస్తుందా రాదా అన్న లెక్క. తమ్ముడు అడిగేది వచ్చిన జబ్బు ఎంత స్పీడుగా ముదురుతుందని. రెండూ ఒకటి చేయొద్దు.

పెన్నా_ఒడ్డు:
ఒప్పుకుంటా, రెండూ వేరే. కానీ అక్కడా పొసగలేదు. తక్కువ రిపీట్లు ఉన్నవాళ్లకు హార్మోన్ వైద్యం ఎక్కువ కాలం పనిచేసిందని కొందరు, కాదని కొందరు తేల్చారు.

అసలు చూడాల్సింది పుట్టుకతో వచ్చిన జీన్ కాదు, గడ్డ లోపల మారిన జీన్. హార్మోన్ ఆపేస్తే క్యాన్సర్ కణం ఆకలికి రకరకాల వేషాలు వేస్తుంది. కొన్నింట్లో రిసెప్టార్ జీన్ ఒకటికి పది కాపీలవుతుంది, ఉన్న కొంచెం హార్మోనే సరిపోతుంది. కొన్నింట్లో హార్మోన్ అతుక్కునే భాగమే తెగిపోయిన పొట్టి రిసెప్టార్ తయారవుతుంది, దాన్ని ఏఆర్-వీ7 అంటారు. తాళంచెవి అక్కర్లేకుండా తెరిచే ఉండే తాళమది. అది ఉన్నవాళ్లకు ఎంజాలుటమైడ్, అబిరాటిరోన్ అనే హార్మోన్ వైద్యం మందులు సరిగా పని చేయలేదని 2014లో చూపించారు. ఇంకో వింత ఉంది: ఒక్క అక్షరం మారితే, అడ్డుపడాల్సిన మాత్రే రిసెప్టార్‌ను రెచ్చగొట్టేది అవుతుంది. అందుకే పీఎస్‌ఏ పెరిగేటప్పుడు బికాలుటమైడ్ లాంటి మాత్ర ఆపితే కొందరిలో పీఎస్‌ఏ దిగుతుంది. ఇది 1990ల నుంచి తెలిసిందే. తమ్ముడూ, నాయన ఇంకా ఆ మాత్ర వేసుకుంటున్నారా? మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్‌ను అడుగు. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

ఆదోని_కుర్రోడు:
వేసుకుంటున్నాడన్నా. రోజూ రాత్రి సంగటి తిన్నాక. ఆపాలా అని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

కడప_బయాలజీ_సార్:
కొడుకుల టెస్టు సంగతి ఎవరూ ముట్టుకోలేదే. ఆండ్రోజన్ రిసెప్టార్ జీన్ ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగపిల్లాడికి నాన్న ఇచ్చేది వై. ఎక్స్ అమ్మ దగ్గర నుంచే వస్తుంది. కాబట్టి నాన్న రిపీట్ల లెక్క కొడుక్కి సంక్రమించదు. ఏజెంటుకు ఇంటర్ బైపీసీ పాఠం ఒకసారి చెప్పాలి.

అయితే మన సీమలో ఒక మెలిక ఉంది. మీ ఇంట్లో మేనరికమా?

ఆదోని_కుర్రోడు:
అవును సార్. అమ్మ నాయనకు సొంత అక్క కూతురు.

కడప_బయాలజీ_సార్:
అయితే కాగితం తీయాల్సిందే. నాన్న ఎక్స్ మీ నాయనమ్మది. మీ అత్తకు, అంటే మీ అమ్మమ్మకు, ఆ నాయనమ్మ నుంచి అదే కాపీ రావడానికి సగం అవకాశం. ఆమె దాన్నే మీ అమ్మకు ఇవ్వడానికి సగం, మీ అమ్మ దాన్ని నీకివ్వడానికి ఇంకో సగం. మొత్తం 8లో 1. మీ నాన్న తన మేనమామ కూతుర్ని చేసుకున్నా అంతే, 8లో 1. మేనత్త కూతురైతే ఈ దారిలో సున్నా, ఎందుకంటే నాన్న ఎక్స్‌కూ మేనత్త రక్తానికీ సంబంధం లేదు. ఒకే మేనరికంలో ఇంత తేడా! క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు, తర్వాత వాళ్లింటి లెక్కలు వేసుకుంటారు.

గుత్తి_కోట:
మరి 8లో 1 ఉందిగా సార్, చేయించుకోవచ్చుగా?

పెన్నా_ఒడ్డు:
పనికిరాని కొలతను ఎనిమిదో వంతు పోలికతో కొంటావా అన్నా? జీన్ టెస్టే కావాలంటే బీఆర్‌సీఏ2 గురించి అడగండి. అది రిసెప్టార్ కాదు, డీఎన్ఏను రిపేరు చేసే జీన్. అందులో తేడా ఉంటే జబ్బు దూకుడుగా ఉంటుంది, ఒలాపారిబ్ అనే మందు వాడే దారి తెరుచుకుంటుంది. పైగా అది నాన్న నుంచీ వస్తుంది, ఆడపిల్లలకూ వస్తుంది. అదే తేడా రొమ్ము క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. ఇంట్లో అది ఎవరికైనా ఉందా తమ్ముడూ?

ఆదోని_కుర్రోడు:
నాయన చెల్లెలికి వచ్చింది. నలభై దాటకముందే పోయింది. అది ఇదీ ఒక లైన్లో ఉంటాయని మాకెవరూ చెప్పలేదు. ఏజెంటు అడగను కూడా లేదు.

గుత్తి_కోట:
ఆ ముక్క ముందే చెప్పాల్సింది తమ్ముడూ. రిపీట్ల సంగతి నేను ఇంకా పూర్తిగా వదులుకోను గానీ, నీ 22 వేలు మాత్రం దాని మీద పెట్టొద్దు.

ఆదోని_కుర్రోడు:
బుధవారం ఓపీ. మాత్ర సంగతి, అత్త సంగతి ఒక చీటీ మీద రాసుకున్నా. అన్నకు ఈ పేజీ పంపిస్తే ఒకటే అడిగాడు: "అంటే మనకు నాయన పోలిక రాలేదా?"