శ్రావణంలో పెళ్లి: బట్టలు ఆషాఢం తగ్గింపుల్లో కొనవచ్చా?

పెళ్లికూతురి తల్లి, గుంటూరు

మా అమ్మాయి పెళ్లి శ్రావణ మాసంలో కుదిరింది. అమ్మాయికి పట్టుచీరలు, అల్లుడికి బట్టలు, బంధువులకు నలభై పెట్టుబడి చీరలు కొనవలసి ఉంది. ఆషాఢం రాగానే ప్రతి దుకాణమూ సగం ధర అని బోర్డు కడుతుంది కాబట్టి అంతా అప్పుడే కొనేద్దామని మావారు అంటున్నారు. ఆ తగ్గింపులు నమ్మదగినవి కావని, పైగా శూన్యమాసంలో పెళ్లిబట్టలు కొనే ఆనవాయితీ మన ఇంట లేదని మా ఆడపడుచు గారు పట్టుబడుతున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బట్టల దుకాణంలో పన్నెండేళ్లు పనిచేసినవాడు, విజయవాడ

అమ్మా, ఆషాఢం తగ్గింపు పుట్టిందే వ్యాపార అవసరం నుంచి. ఆ నెలలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు, దుకాణాలు ఖాళీగా ఉంటాయి, అద్దె, జీతాలు మాత్రం ఆగవు; వైశాఖ జ్యేష్ఠాల పెళ్లిళ్లకు తెప్పించి మిగిలిన సరుకు కదిలితేనే వరలక్ష్మీ వ్రతానికి, శ్రావణం పెళ్లిళ్లకు కొత్త సరుకు పెట్టడానికి బీరువాల్లో చోటు, చేతిలో డబ్బు ఉంటాయి. అందువల్ల తగ్గింపు అంతా మోసమనడం సరికాదు. రెండు నెలల కిందట అద్దాల బీరువాలో ఉన్న మంచి చీరను నిజంగానే తక్కువకు ఇచ్చిన సందర్భాలను నేను స్వయంగా చూశాను.

అయితే అమ్మకానికి పెట్టిన గుట్టలో ఆ ఒక్క రకమే ఉండదు. తగ్గింపు అమ్మకాల కోసమే సూరత్ నుంచి చవకగా తెప్పించిన సింథటిక్ చీరలు అందులో కలుస్తాయి. ఏళ్ల తరబడి మడత విప్పని పాత పట్టు కూడా కలుస్తుంది. ఈ చివరి రకంతోనే జాగ్రత్తగా ఉండాలి. పట్టుచీర ఒకే మడతలో ఎక్కువ కాలం ఉంటే మడత గీత వెంబడి పోగు చిట్లుతుంది, జరీ నల్లబడుతుంది, పైమడత రంగు వెలిసి లోపలి రంగుతో కలవదు. దుకాణంలోని దీపాల వెలుగులో ఇవేవీ కనబడవు. చీరను గుమ్మం దాకా తెచ్చి, కొంగు నుంచి లోపలి చెంగు దాకా మొత్తం విప్పించి, మడత గీతల మీద వేలు నడిపి చూడండి. ఆదివారం సాయంత్రం గుమాస్తాకు అంత తీరిక ఉండదు. మొదటి వారంలో, పని రోజున, దుకాణం తెరిచిన వేళకు వెళ్తే ఎంతసేపైనా ఓపికగా చూపిస్తాడు.

ఉద్యోగిని, హైదరాబాద్

నేను ఆడపడుచు గారి పక్షమే. నిరుడు మా చెల్లెలి పెళ్లికి వైశాఖంలో ఒక దుకాణంలో నెమలికంఠం రంగు చీర చూశాను. చీటీ మీద 6,400 రూపాయలు ఉంది. ఆషాఢంలో తగ్గిస్తారులే అని వదిలి వచ్చాను. తరువాత వెళ్తే అదే చీర, అంచు దగ్గర అదే చిన్న నూలు ముడి. పాత చీటీ మీద కొత్త చీటీ అంటించి ఉంది. కొత్త ధర 8,900, దానిపై 30 శాతం తగ్గింపు, చెల్లించవలసినది 6,230. రెండు నెలలు ఎదురుచూస్తే నాకు మిగిలింది 170 రూపాయలు. గోటితో మూల ఎత్తి చూడకపోయి ఉంటే 2,670 రూపాయలు ఆదా చేశాననే సంతోషంతో ఇంటికి వచ్చేదాన్ని. ఆ రోజు కలిగిన బాధ డబ్బు గురించి కాదు. మన నమ్మకాన్ని అంత తేలికగా లెక్క కట్టారు కదా అన్నదే.

లెక్కల సంగతి కూడా గమనించండి. 50 శాతం తగ్గింపు, దానిపై అదనంగా 20 శాతం అంటే 70 శాతం కాదు; వెయ్యి రూపాయల వస్తువు 400కు వస్తుంది, అంటే 60 శాతమే. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే మూడో వంతు తగ్గింపు మాత్రమే, అదీ మీకు నిజంగా మూడు అవసరమైతేనే.

బట్టల దుకాణంలో పనిచేసినవాడు, విజయవాడ

చీటీ మార్చడం జరుగుతుంది, కాదనను. కానీ మీరు దాన్ని పట్టుకోగలిగింది వైశాఖంలో ధర చూసి ఉంచుకున్నందువల్లనే కదా! నా సలహా కూడా అదే. జ్యేష్ఠంలో రెండు మూడు దుకాణాలు తిరిగి, నచ్చినవాటి ధర, రంగు, అంచు కాగితం మీద రాసుకున్నవారికి ఆషాఢంలో శాతాలతో పని లేదు. పాత ధర తెలియనివారు మాత్రం బోర్డు చూసి బేరం చేయవలసి వస్తుంది.

చేనేత కుటుంబం, పోచంపల్లి

ఈ చర్చలో నేసేవారి మాట ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. మా ఇక్కత్‌లో నేతకంటే ముందే పోగుకు ముళ్లు కట్టి, రంగు అద్ది, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టవలసి ఉంటుంది. మగ్గం ఎక్కేసరికే ఇంటిల్లిపాది శ్రమ అందులో కలిసి ఉంటుంది. అటువంటి చీరను ఎవరైనా సగం ధరకు ఇస్తున్నామంటే, అది అచ్చు వేసిన నకలు అయి ఉండాలి, లేదా మొదటి ధర అబద్ధం అయి ఉండాలి, లేదా ఎక్కడో ఒక నేతన్న కూలి తెగి ఉండాలి. నకలును గుర్తించడం కష్టం కాదు: అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అచ్చు చీర వెనుక వైపు వెలవెలబోతుంది. సిల్క్ మార్క్ చీటీ ఉంటే అది స్వచ్ఛమైన పట్టు అని నమ్మవచ్చు. కానీ ఆ చీటీ జరీ గురించి గాని, చేమగ్గం గురించి గాని హామీ ఇవ్వదని మరిచిపోకండి.

తగ్గింపు కావాలనుకోవడం తప్పు కాదు. చేనేత సహకార సంఘాలు పండుగలకు రిబేటు ఇవ్వడం పాత పద్ధతే. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ రోజుల్లో ప్రదర్శనలూ ఉంటాయి. కానీ శ్రావణం పెళ్లికి అప్పటిదాకా ఆగితే ఆలస్యం కావచ్చు. పెళ్లికూతురి చీర నేయించుకోదలిస్తే ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే మగ్గం తొందరపెడితే నడవదు.

న్యాయవాది, రాజమహేంద్రవరం

బిల్లు విషయంలో అందరూ అశ్రద్ధ చేస్తారు. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు అని బిల్లుపై అచ్చు వేసినంత మాత్రాన లోపం ఉన్న చీరను వాపసు తీసుకోననే హక్కు దుకాణానికి రాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార విధానమే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. రంగు నచ్చలేదనే కారణానికి మాత్రం ఇది వర్తించదు. అందుకే మార్పిడి షరతును ముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. సమస్య వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అల్లుడి రెడీమేడ్ దుస్తులకు మరో మెలిక ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల వరకు విలువ గల దుస్తులపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. తగ్గింపు పోను ధర ఆ గీతకు ఏ వైపు పడుతుందో చూసుకోండి. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది కనుక, తగ్గించిన ధరపై మళ్లీ పన్ను వేస్తే ప్రశ్నించండి.

పెళ్లికూతురి తల్లి, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మావారు, మా ఆడపడుచు గారు, నేను కూర్చుని పేర్లు రాశాము. నలభై అనుకున్న పెట్టుబడి చీరలు పేర్లు రాసేసరికి ముప్పై ఒకటి అయ్యాయి. మిగతా తొమ్మిది ఎవరి కోసమో మాలో ఎవరికీ తట్టలేదు. ఆ ముప్పై ఒక్కటి, అల్లుడి బట్టలు ఆషాఢం మొదటి బుధవారం ఉదయం కొంటాము. అమ్మాయి కట్టుకునే చీర మాత్రం ఈ జ్యేష్ఠంలోనే మగ్గం మీద చెప్పి వేయిస్తాము. దానికి మా ఆడపడుచు గారు కూడా ఒప్పుకున్నారు. ఈ వారంలోనే పోచంపల్లి వెళ్లి వద్దామనుకుంటున్నాము. పెళ్లినాటికి చీర చేతికి అందాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఆ కుటుంబంవారు దయచేసి తెలియజేయగలరు.