సెలవులకి సముద్రం, సంచిలో ఒక మిస్టరీ: పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఏది చదవాలి?

రాత్రి_చదువరి
వచ్చే వారం సెలవులండీ, బస సముద్రం పక్కనే. బ్యాగులో రెండు పుస్తకాలకి మించి పట్టవు. హత్య ఉండొచ్చు గానీ పేజీలకి పేజీలు రక్తం వద్దు, చదివాక నిద్ర పట్టాలి. కథ కూడా సముద్రం ఒడ్డునే జరగాలి, పుస్తకాల గొడవ ఉంటే ఇంకా సంతోషం. బుక్‌షాప్ ఓనరే డిటెక్టివ్ అయిపోయే కోజీలు (రక్తపాతం లేని తేలికపాటి మిస్టరీలు) కొన్ని చదివాను, చాలావాటిలో ఆ షాపు తీసేసి బేకరీ పెట్టినా కథ అలాగే నడుస్తుంది. అలాంటివి వద్దు. ఇంగ్లీషువైనా పర్లేదు.

అట్టలేని_పుస్తకం
ఎల్లీ గ్రిఫిత్స్ రాసిన ‘ది పోస్ట్‌స్క్రిప్ట్ మర్డర్స్’ (2020) తీసుకోండి, ఇంకేం ఆలోచించకండి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో షోరమ్ అనే ఊళ్లో తొంభై ఏళ్ల పెద్దావిడ కిటికీ పక్క కుర్చీలో చనిపోయి ఉంటుంది. వయసు అయిపోయింది కదా అనుకుంటారు అందరూ, కానీ ఆవిడ ఇంట్లో ఉన్న క్రైమ్ నవలలు తెరిచి చూస్తే చాలావాటిలో ఆవిడకి కృతజ్ఞతలు చెప్పి ఉంటాయి. రచయితలకి కొత్త కొత్త హత్యా పద్ధతులు చెప్పడం ఆవిడ పని! తర్వాత ఒకడు తుపాకి పట్టుకుని వచ్చి ఎత్తుకుపోయేది కూడా ఒక పుస్తకమే. మీరన్న షాపు-బేకరీ పరీక్ష ఇది పాసవుతుంది, పుస్తకాలు తీసేస్తే కథే మిగలదు. కేసు దర్యాప్తు చేసే పోలీసు డిటెక్టివ్ హర్బిందర్ కౌర్ నాకు చాలా ఇష్టం. సిరీస్‌లో రెండోది గానీ విడిగా చదువుకోవచ్చు.

పాతకాగితం_వాసన
అది బాగానే ఉంటుంది, మధ్యలో స్కాట్లాండ్ ప్రయాణం కాస్త సాగింది అనిపించింది నాకు. నా ఓటు డొరొతీ సేయర్స్ 1932లో రాసిన ‘హావ్ హిస్ కార్కస్’కి. హారియట్ వేన్ డిటెక్టివ్ నవలలు రాసుకునే మనిషి, సెలవులో తీరం వెంబడి ఒంటరిగా నడుస్తుంటే ఒక బండ మీద శవం కనిపిస్తుంది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు, పోటు వస్తోంది, శవం కొట్టుకుపోతుంది. ఆవిడ కెవ్వుమని పరుగెత్తకుండా తన నవలల్లో డిటెక్టివ్ అయితే ఇప్పుడేం చేస్తాడు అని ఆలోచించి ఫొటోలు తీస్తుంది. సముద్రం ఇక్కడ సీనరీ కాదండీ, సాక్ష్యాన్ని మింగేసేదే అది. అయితే ముందే చెప్తున్నా, శవం గొంతు కోసి ఉంటుంది, పుస్తకం లావు, ప్లేఫెయిర్ సైఫర్ (అక్షరాల జంటలతో రాసే రహస్య సంకేతం) విప్పే అధ్యాయం దగ్గర సగం మంది పేజీలు తిప్పేస్తారు. నేను పెన్సిల్ పట్టుకుని కూర్చున్నా, నాలాంటివాళ్లకి అదే పండగ.

మూడోపేజీ
అగాథా క్రిస్టీ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? ‘ఈవిల్ అండర్ ది సన్’ (1941) అంతా ఆవిడ డిటెక్టివ్ పాయిరో సెలవులే. డెవన్ తీరంలోని బర్గ్ ఐలండ్‌ని మనసులో పెట్టుకుని రాసింది, పోటు వేళకి దారి మునిగిపోయే దీవి, కాబట్టి అనుమానితులంతా ఆ హోటల్లోవాళ్లే. పుస్తకాల గొడవ మాత్రం లేదు. ‘ది బాడీ ఇన్ ది లైబ్రరీ’ చూసి కూడా మోసపోకండి, శవం దొరికేది ఒక ఇంటి లైబ్రరీలో, కథలో ఎక్కువ భాగం నడిచేది సముద్రం ఒడ్డు హోటల్లో, ఎవరూ ఏమీ చదవరు :)

రాత్రి_చదువరి
సరే, పోస్ట్‌స్క్రిప్ట్, కార్కస్ ఫిక్స్. సేయర్స్‌ది ముందు భాగం చదవకుండా మొదలుపెడితే ఇబ్బందా?

పాతకాగితం_వాసన
కేసు వరకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఈ సిరీస్ డిటెక్టివ్ పీటర్ విమ్సీ పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా హారియట్ ఎందుకు విసుక్కుంటుందో తెలియాలంటే ‘స్ట్రాంగ్ పాయిజన్’ (1930) చదవాలి. అందులో హత్యానేరం మీద బోనెక్కింది హారియటే, ఉరి తప్పించింది విమ్సీ. ప్రాణం కాపాడినవాడికి కృతజ్ఞతగా పెళ్లి చేసుకోవడం ఆవిడకి ససేమిరా ఇష్టం లేదు. ఈ మాత్రం తెలిస్తే చాలు, మొదలుపెట్టేయండి.