స్ట్రింగ్ క్వార్టెట్, జాజ్ ట్రయో కలిసి రికార్డింగ్: ఒకే గదిలోనా, విడివిడిగానా?

మంద్రతంత్రి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వయోలా (వయొలిన్ కన్నా కొంచెం పెద్ద వాద్యం) వాయిస్తాను. మా తీగవాద్యాల క్వార్టెట్ నలుగురమూ, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ ఉన్న ఒక జాజ్ ట్రయోతో (ముగ్గురి బృందంతో) కలిసి ఆరు రచనలు రికార్డు చేయబోతున్నాము. ఇప్పటికి మూడు సాధనలు జరిగాయి. కాగితం మీద ఉన్నదంతా తప్పు లేకుండానే వాయిస్తున్నాము గానీ, తరువాత విన్నప్పుడు మేము ప్రతిచోటా వెంట్రుకవాసి వెనకబడినట్టూ, స్వింగ్ (జాజ్‌కు ప్రత్యేకమైన ఊగే నడక) వచ్చే చోట్ల బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టూ వినిపిస్తోంది. డ్రమ్మర్ మర్యాదస్తుడు, పల్లెత్తు మాట అనలేదు. అయితే మూడో సాధనలో ఆయన కర్రలు పక్కన పెట్టి, మెత్తగా పలికే బ్రష్షులు తీసుకోవడంతో నాకు విషయం అర్థమైంది. ట్రయో వాయించేదాన్ని ముందు రికార్డు చేసి, మేము దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ మా భాగాలను తరువాత చేర్చడం మేలని కొందరు సలహా ఇస్తున్నారు. ఇటువంటి పని చేసినవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పగలరా?

కాలప్రమాణం:
నేను డబుల్ బేస్ వాయిస్తాను. ఈ తంటా అవతలి వైపు నుంచి చూసినవాణ్ణి. వెనకబడటం మీ సాధనలో లోపం కాదు. కర్ర తగిలిన క్షణంలోనే సింబల్ మోగుతుంది, కమాను కింద తీగ పూర్తిగా పలకడానికి మాత్రం కొంత వ్యవధి పడుతుంది. దానికి తోడు, క్వార్టెట్‌లో మీరు ఒకరి ఊపిరి ఒకరు గమనించి కలిసి ఎత్తుకుంటారు. జాజ్‌లో అలా ఎవరూ ఎవరి కోసమూ ఆగరు, నడక రైడ్ సింబల్ (డ్రమ్మర్ లయను నడిపించే లోహపు పళ్ళెం) మీదా బేస్ మీదా సాగిపోతూనే ఉంటుంది. పైగా మీరు డ్రమ్స్‌కు 10 మీటర్ల దూరంలో కూర్చుంటే ఆ శబ్దం మీ చెవికి చేరడానికే దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో సగం దెబ్బ అంటే 167 మిల్లీసెకన్లే కనుక, ఆ ఆలస్యం చిన్నదేమీ కాదు. ముందు కుర్చీలు దగ్గరకు జరపండి.

ఇక స్వింగ్ సంగతి. కాగితం మీద ఒక దెబ్బలోని రెండు స్వరాలూ సమానంగానే ఉంటాయి, వాయించేటప్పుడు మొదటిది సాగి రెండోది కురచవుతుంది. ఎంత సాగాలన్నదానికి ఒక్క కొలత లేదు. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గి రెండూ సమానానికి దగ్గరవుతాయి. అందుకే దీన్ని మూడు భాగాల లెక్కగా (మొదటి స్వరానికి రెండు, రెండోదానికి ఒకటి) నేర్చుకున్నవాళ్ళు ఏ వేగంలోనైనా ఒకేలా కుంటుతారు. వాద్యం కింద పెట్టి, జతులు పలికినట్టు ఆ పదబంధాన్ని డ్రమ్మర్‌తో పాటు నోటితో పలకండి. నోటికి వచ్చినది చేతికి వస్తుంది, కాగితం నుంచి నేరుగా చేతికి రాదు.

అడ్డుపలక:
రికార్డింగ్ ఇంజనీరుగా నా మాట: విడివిడిగా వద్దు. పియానిస్టు మనోధర్మంతో వాయించేటప్పుడు మీ క్వార్టెట్ ధ్వని వింటూ వాయించాలి. వినకుండా వాయించిన సోలో మీద తరువాత మీ తీగలను అతికిస్తే, అది ఎంత శుభ్రంగా ఉన్నా సంభాషణ కాదు. ఒకే గదిలో కూర్చుంటే డ్రమ్స్ శబ్దం మీ మైకుల్లోకి చొరబడుతుందన్నది నిజమే. డ్రమ్స్ ముందు అడ్డుపలకలు నిలబెట్టి, మీకు ఎనిమిది అంకె ఆకారంలో శబ్దాన్ని పట్టే రిబ్బన్ మైకులు వాడి, వాటి పక్కభాగం డ్రమ్స్ వైపు ఉండేలా తిప్పితే ఆ చొరబాటు చాలావరకు తగ్గుతుంది.

అసలు చిక్కు ఎడిటింగ్‌లో వస్తుంది. శాస్త్రీయ రికార్డింగులలో ఒక టేక్ (ఒకసారి వాయించి రికార్డు చేసినది) నుంచి నాలుగు బార్లు (తాళఖండాలు), మరొక దాని నుంచి రెండు బార్లు తీసి అతకడం మీకు అలవాటు. సోలో ప్రతి టేక్‌లోనూ వేరుగా ఉంటుంది కనుక ఆ భాగంలో ఇది కుదరదు. సోలో బాగా వచ్చిన టేక్‌నే ఆధారంగా పెట్టుకుని, రాసి ఉన్న భాగాలను మాత్రమే ఇతర టేకుల నుంచి సవరించండి. అంటే సోలో వెనుక మీరు పట్టే స్వరాలు ప్రతి టేక్‌లోనూ పనికొచ్చేలా ఉండాలి. ఈ సంగతి మొదటి రోజే మీ నలుగురికీ చెప్పండి, లేకపోతే మూడో రోజు గొడవ అవుతుంది.

పాతరికార్డు:
అసలు క్వార్టెట్ స్వింగ్ చేసి తీరాలా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. 1938లో స్వరకర్త బార్టోక్ ‘కాంట్రాస్ట్స్’ రాసినప్పుడు క్లారినెట్ భాగం జాజ్ వాద్యకారుడైన బెన్నీ గుడ్‌మన్ కోసమే రాశాడు, అయినా అందులో ప్రతి స్వరమూ రాసి ఉన్నదే. శాస్త్రీయ వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్ 1970లలో జాజ్ వయొలినిస్టు గ్రాపెల్లితో కలిసి రికార్డులు చేసినప్పుడు తన సోలోలను రాయించుకునే వాయించాడు. ఆయన ఎంత గొప్ప విద్వాంసుడైనా ఆ తేడా వినిపిస్తూనే ఉంటుందని నా అభిప్రాయం. జాజ్ పియానిస్టు క్లాడ్ బోలింగ్ ఇంకా తెలివైన దారి పట్టాడు: 1975లో విడుదలైన రికార్డులో ఫ్లూట్ వాయించిన రాంపాల్‌కు శాస్త్రీయ ధోరణిలో రాసి ఇచ్చి, జాజ్ నడకను తన ట్రయోకు వదిలేశాడు. 1993లో జాజ్ వాద్యకారుడు యాన్ గార్బారెక్ హిలియర్డ్ గాయక బృందంతో రికార్డు చేసినప్పుడు వాళ్ళు పాత చర్చి సంగీతాన్ని తమ పద్ధతిలోనే పాడారు, ఆయన శాక్సఫోన్ ఆ స్వరాల మధ్య తిరిగింది. మీ ఆరింటిలోనూ ఎవరినీ మరొకరిలా మారమని అడగని చోట్లు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి.

మంద్రతంత్రి:
అందరికీ ధన్యవాదాలు. నాలుగో సాధనలో అర్ధచంద్రాకారంగా, డ్రమ్స్‌కు మూడు మీటర్ల లోపే కూర్చున్నాము. రెండు రచనల్లో స్వింగ్ పదబంధాలను పియానోకు ఇచ్చేసి, మేము దీర్ఘస్వరాలు పట్టాము. డ్రమ్మర్ మళ్ళీ కర్రలు తీసుకున్నారు. అందరమూ ఒకే గదిలోనే రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాము. ఒక చిన్న సందేహం మిగిలింది: ఆ దీర్ఘస్వరాల్లో మా గాంధారం పియానోతో కలవక కొద్దిగా కంపిస్తోంది.

కాలప్రమాణం:
క్వార్టెట్ ఒంటరిగా వాయించేటప్పుడు మీరు అలవాటుగా శుద్ధమైన అంతర గాంధారం పడతారు. అది పియానో గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) తక్కువ. పియానో మోగుతున్నంతసేపూ మీరే కొద్దిగా ఎక్కించుకోక తప్పదు. మరో మార్గం ఏమిటంటే, ఆ చోట్ల పియానిస్టును ఎడమచేతిలో గాంధారం వదిలేయమని అడగండి. సాధారణంగా వాళ్ళు సంతోషంగానే ఒప్పుకుంటారు.