గిన్నిస్ బాయిలర్ లారీ కింద ఉన్నది డైమ్లరేనా? (డబ్లిన్, 1916)

గేర్‌రాడ్_గుంటూరు:
తెలియనివాళ్ళ కోసం ముందు కథ చెప్తా. 1916 ఏప్రిల్ 24న ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు మొదలైంది, 29కల్లా తిరుగుబాటుదార్లు లొంగిపోయారు. ఆ మధ్యలోనే బ్రిటిష్ సైన్యానికి వీధుల్లో మేడల మీంచి వచ్చే తూటాల నుంచి మనుషుల్ని కాపాడుకుంటూ తిప్పే బండి కావాల్సొచ్చింది. గిన్నిస్ బీరు కంపెనీ లారీలు తీసుకుని ఇంచికోర్ రైల్వే వర్క్‌షాప్‌కి తోలుకెళ్ళి, రైలింజన్ బాయిలర్లు వెనక తొట్టిలో పడుకోబెట్టి, తుపాకీ పెట్టుకోడానికి కంతలు కోసి రోడ్డు మీదకి వదిలారు. నిజం కంతల మధ్య నల్ల పెయింట్‌తో దొంగ కంతలు కూడా వేశారు, ఏది ఏదో శత్రువుకి తెలీకుండా, ఆ ఐడియా మాత్రం నాకు భలే నచ్చింది. ఇప్పుడు ప్రశ్న, అందరూ డైమ్లర్ (ఇంగ్లండ్ కంపెనీ) లారీ అని రాస్తారు కదా, అప్పటి ఫోటో చూసి ఆ మాట చెప్పగలమా? నా ఓటు చెప్పలేం అనే.

స్టీమ్_తాతయ్య_కాజీపేట:
చర్చ తర్వాత నాయనా, ముందు హెడ్డింగు మార్చు. అది బాయిలర్ కాదు, స్మోక్ బాక్స్. బాయిలర్ ముందు భాగం, చిమ్నీ కింద ఉండేది, పొగ వచ్చి చేరే డబ్బా. అందులో ఆవిరి ప్రెషర్ ఉండదు, లోపల గొట్టాలు ఉండవు, ఖాళీ డోలు. అందుకే మనుషులు కూర్చోడానికి పనికొచ్చింది. నిజం బాయిలర్ ఎక్కిస్తే ఆ లారీ షెడ్డు గేటు కూడా దాటేది కాదు.

డీజిల్_దాసు:
ఇందులో ఓటింగ్ ఎందుకు బ్రో, లారీలు గిన్నిస్‌వి, గిన్నిస్ దగ్గర ఉన్నవి డైమ్లర్లు, అయిపోయింది.

గేర్‌రాడ్_గుంటూరు:
అదే కదా నేను ఒప్పుకోనిది. ఓనరు పేరు చెప్పి చాసీ (బాడీ కింద ఉండే ఫ్రేమూ ఇంజనూ చక్రాలూ) పేరు తేల్చేస్తే ఎలా? పెళ్ళికొడుకు ఇంటిపేరు చూసి డొక్కు స్కూటర్ ఏ కంపెనీదో చెప్పినట్టుంది. పైగా ఆ వారం బయటికొచ్చినవన్నీ ఒకే రకం కాదు, గుండ్రటి డోళ్ళవి ఉన్నాయి, పక్కలు చదునుగా రేకు కొట్టినదీ ఉంది. ఒకదాని గురించి తెలిసింది అన్నిటికీ పూసేస్తున్నాం.

బెంజ్‌సర్కిల్_బుల్లోడు:
నేను ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డు పక్కన పెరిగినోణ్ణి, ఒక మాట చెప్తా. మా వీధిలో ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు, బండి మీద పేరు లేదు, క్యాబిన్ లేదు, రేడియేటర్ విప్పేశారు, ఉత్త ఫ్రేమూ చక్రాలూ. ఆయన గొంతుక్కూర్చుని టార్చి వేసి వెనక యాక్సిల్ హౌసింగ్ చూసి, కమాన్ కట్ట (స్ప్రింగు పట్టీలు) ఫ్రేముకి పట్టుకున్న కొక్కెం దగ్గర మట్టి గోరుతో గీకి, ఇది ఫలానా అని చెప్పేసేవాడు. బాడీ ఎంత మార్చినా కింద యాక్సిలూ కమాన్లూ మార్చరు కదా. ఫోటోలో వెతకాల్సింది అదే. వెనక చక్రం పక్కన గొలుసు, పళ్ళ చక్రం కనిపిస్తే అది చైన్ డ్రైవ్ బండి, ఆల్బియన్ ఏ10 లాంటిది. హౌసింగ్ మధ్యలో ఉబ్బెత్తుగా గుండు ఉంటే లోపల వార్మ్ గేరో (స్క్రూ మరలాంటి గేరు) ఇంకోటో, గొలుసు ఉండదు.

డీజిల్_దాసు:
రేడియేటర్ చూస్తే చాలు. డైమ్లర్ రేడియేటర్ పై ట్యాంకు గాడులు గాడులుగా మడతలు పెట్టినట్టు ఉంటుంది, కారైనా లారీ అయినా అంతే. చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు.

గేర్‌రాడ్_గుంటూరు:
కనిపిస్తే పట్టేస్తాడు. రక్షణ కోసం రేకు చుట్టేసిన బండికి ముందు భాగం ఎంత కనిపిస్తుంది? నేను చూసిన స్కాన్‌లో ముందంతా మసకే, గాడులూ లేవు గోడా లేదు.

వార్మ్‌గేర్_వైజాగ్:
ఇంకో చిక్కు ఎవరూ ఎత్తలేదు. లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీకి 1910లో బి టైప్ బస్సు డిజైన్ చేసిన ఫ్రాంక్ సెర్ల్ 1911లో డైమ్లర్‌కి మారిపోయాడు. ఆయన వెళ్ళాక 1912లో డైమ్లర్ నుంచి వచ్చిన సీసీ చాసీ బి టైప్‌కి తమ్ముడిలా ఉంటుంది, పెద్ద తేడా ఇంజన్‌లోనే, డైమ్లర్‌ది నైట్ అనే ఆయన కనిపెట్టిన స్లీవ్ వాల్వ్, మామూలు వాల్వుల బదులు జారే గొట్టాలు. అంటే రేడియేటర్ మూసేసి పక్క నుంచి చూపిస్తే ఇద్దరిలో ఎవరో చెప్పడం కష్టం, ఒకే చేతి గీత. ఈ స్లీవ్ వాల్వ్ ఇంజన్ చప్పుడు తక్కువ, కాలిన ఆయిల్ పొగ మాత్రం బాగా వదుల్తుంది. 1916 సెప్టెంబర్ 15న యుద్ధంలోకి దిగిన మొదటి ట్యాంకుల్లోనూ 105 హార్స్‌పవర్ డైమ్లర్ ఇంజనే. ఇది టాపిక్ కాదు, ఊరికే చెప్పా.

కొత్తగా_వచ్చా:
అసలు లారీయేనా? అప్పట్లో పెద్ద కార్ల మీద కూడా రేకు కొట్టేవాళ్ళు కదా, బెల్జియం వాళ్ళు 1914లో మినర్వా కార్లకి చేశారు.

స్టీమ్_తాతయ్య_కాజీపేట:
లెక్క వేద్దాం నాయనా. డోలు అడ్డంగా మీటరున్నర, పొడవు మూడు మీటర్లు అనుకో, అర అంగుళం ప్లేటు అనుకో. చుట్టు రేకే దాదాపు 14 చదరపు మీటర్లు, అర అంగుళం ఇనుము చదరపు మీటరుకి 100 కిలోలు తూగుతుంది, అంటే 1,400 కిలోలు. లోపల పదిహేను మంది తుపాకులతో కూర్చుంటే ఇంకో టన్ను పైనే. కారు చాసీ కమాన్లు అక్కడే తిరగబడతాయి. మూడు టన్నుల లారీ అయితే సరిగ్గా మోస్తుంది, గట్టి రబ్బరు టైర్లు కాబట్టి తూటా తగిలినా గాలి పోయేది లేదు.

కొత్తగా_వచ్చా:
దండాలు తాతయ్యా, ఒప్పేసుకున్నా 🙏

బెంజ్‌సర్కిల్_బుల్లోడు:
నా పోస్టుకి నేనే ఒక అడ్డం వేసుకోవాలి. అదే మేస్త్రి ఒకసారి గట్టిగా చెప్పి తప్పాడు. ఫ్రేము ఒకళ్ళది, వెనక హౌసింగ్ వేరే బండి నుంచి పాత ఇనుము కొట్లో కొని బిగించింది, ఆయన హౌసింగ్ మాత్రమే చూశాడు. ఆ సాయంత్రం టీ కూడా తాగలేదు పాపం. కాబట్టి ఒక్క భాగం చూసి కొట్టేయకూడదు, కమానూ హౌసింగూ స్టీరింగ్ బాక్సూ మూడూ ఒకే మాట చెప్పాలి.

డీజిల్_దాసు:
అంటే ఇప్పుడు గిన్నిస్ వాళ్ళు డైమ్లర్‌కి వేరే యాక్సిల్ వేసుకున్నారంటావా? కథలు అల్లకండి సార్. అన్ని వివరణల్లోనూ డైమ్లర్ అనే ఉంది, కాదన్నవాళ్ళే రుజువు తేవాలి.

గేర్‌రాడ్_గుంటూరు:
సరే ఇక్కడ తగ్గుతా. కంపెనీ డైమ్లరే అనడానికి మీ వైపు బరువు ఎక్కువ, తాతయ్య లెక్కతో లారీ అన్నదీ ఖాయం. కానీ ఏ మోడల్, అన్ని బండ్లూ అదే మోడలా అంటే మాత్రం ఒప్పుకోను, సెర్ల్ సంగతి చూశాక అసలే ఒప్పుకోను. ఎవరి దగ్గరైనా పక్క నుంచి తీసిన, వెనక యాక్సిల్ కనిపించే స్కాన్ ఉంటే పెట్టండి, ముందు నుంచి తీసినవి వద్దు బాబూ చాలా చూశాం.

స్టీమ్_తాతయ్య_కాజీపేట:
హెడ్డింగులో ఇంకా బాయిలర్ అనే ఉంది.

గేర్‌రాడ్_గుంటూరు:
రిప్లైలు పడ్డాక ఎడిట్ అవట్లేదు తాతయ్యా 😅